లచ్చి నడక లెక్క: ఒక ఎలుగుబంటిని గమనించిన ప్రాజెక్టు డైరీ

జనవరి 6

హనుమకొండలోని ఒక డిగ్రీ కళాశాలలో జంతుశాస్త్రం చెబుతున్న నేను, పదిహేడేళ్లుగా ఏటా విద్యార్థులను జంతు ప్రదర్శనశాలకు తీసుకువెళ్లి, జంతువుల పేర్లూ శాస్త్రీయ నామాలూ రాయించి, గేటు దగ్గర గ్రూపు ఫోటో దిగి, చీకటి పడకముందే బస్సెక్కించి తీసుకువస్తున్నాను. ఈసారి రెండో సంవత్సరం విద్యార్థులు నలుగురు, ముప్పై జంతువులను మూడు గంటల్లో చూసే బదులు ఒకే జంతువును ఏప్రిల్ దాకా చూస్తామని అడిగారు. మాకు బస్సులో గంటన్నర దూరంలో, ఉత్తర తెలంగాణలోనే ఉన్న ఒక చిన్న జంతు ఉద్యానవనం వారు అందుకు అనుమతి ఇచ్చారు. ఉద్యానవనం పేరు, ఉద్యోగుల పేర్లు ఎక్కడా రాయబోమని మాట ఇచ్చాము కనుక ఈ డైరీలో అవి ఉండవు.

మేము ఎంచుకున్నది ఒక ఆడ ఎలుగుబంటి. మా వైపు ఊళ్లలో గుడ్డెలుగు అంటారు. పిల్లగా ఉన్నప్పుడు వ్యవసాయ బావిలో పడితే పైకి తీసి ఇక్కడికి తెచ్చారని రిజిస్టరులో ఉంది. ఇప్పుడు దాని వయసు పదకొండేళ్లు. కీపర్ దాన్ని లచ్చి అని పిలుస్తాడు. ఎన్‌క్లోజర్ ముందు నీళ్లు లేని కందకం, లోపల మూడు కానుగ చెట్లు, ఒక సిమెంటు తొట్టి, రాళ్లు పేర్చి కట్టిన గుహ, వెనుక రెండు గదుల నైట్ హౌస్ ఉన్నాయి.

మా ప్రశ్న చిన్నదే: లచ్చి బాగున్నదా? దీనికి జవాబు వెతికే పద్ధతులు మొదట పశువుల పాకల్లోనే పుట్టాయి. 1965లో బ్రిటన్‌లో బ్రాంబెల్ కమిటీ పెంపుడు పశువుల స్థితిపై ఇచ్చిన నివేదిక నుంచి, 1979లో అక్కడి పశు సంక్షేమ మండలి క్రోడీకరించిన ఐదు స్వేచ్ఛలు వచ్చాయి. ఆకలిదప్పులు, అసౌకర్యం, నొప్పీ రోగమూ, భయమూ వేదనా లేకుండా ఉండటం నాలుగైతే, తన జాతికి సహజమైన పనులు చేసుకోగలగడం ఐదవది. జల్లికట్టు కేసులో 2014లో మన సుప్రీంకోర్టు కూడా ఈ ఐదింటినీ ప్రస్తావించింది. అయితే మొదటి నాలుగూ లేకపోవడాన్ని చెబుతాయే తప్ప ఉండవలసినదాన్ని చెప్పవు. 1994లో న్యూజిలాండ్‌లో మెల్లర్, రీడ్ రూపొందించిన ఐదు క్షేత్రాల నమూనా పోషణ, పరిసరం, ఆరోగ్యం, ప్రవర్తన అనే నాలుగింటినీ విడివిడిగా చూసి, అవన్నీ కలిసి జంతువు మనఃస్థితిని ఎటు నెడుతున్నాయన్న దాన్ని ఐదవ క్షేత్రంగా పెట్టింది. మనఃస్థితిని మేము కొలవలేము. ప్రవర్తనను లెక్కపెట్టగలము. అక్కడి నుంచే మొదలుపెట్టాము.

జనవరి 19

రెండు వారాలు లెక్క కుదరకుండానే గడిచాయి. 1974లో జీన్ ఆల్ట్‌మన్ స్పష్టం చేసిన నమూనా పద్ధతుల్లో ఒకదాన్ని తీసుకుని, ప్రతి రెండు నిమిషాలకు ఒకసారి, ఆ క్షణంలో లచ్చి ఏం చేస్తున్నదో ఒక గడిలో గుర్తు పెట్టాలని నిర్ణయించాము. ఉదయం తొమ్మిదిన్నర నుంచి పన్నెండున్నర దాకా, మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా కూర్చుంటే రోజుకు 180 గుర్తులు వస్తాయి. ఇద్దరిద్దరు చొప్పున ఒకరికొకరు కనిపించకుండా కూర్చుని రాశారు. సాయంత్రం రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి చూస్తే రెండు వేర్వేరు ఎలుగుబంట్లను చూసినట్టున్నాయి.

తేడా అంతా నడక దగ్గరే వచ్చింది. ఒకరు ‘తిరుగుతున్నది’ అని రాసిన చోట మరొకరు ‘పచార్లు’ అని రాశారు. తిరగడం మంచి గుర్తు, పచార్లు చెడ్డ గుర్తు అని మా మనసులో ముందే ఉన్నందువల్ల, ఆ రోజు ఎవరికి లచ్చి మీద జాలి ఎక్కువైతే వారి కాగితంలో పచార్లు ఎక్కువయ్యాయి. చివరకు నిర్వచనాన్ని కాళ్ల మీదికి దించాము: ఒకే దారిలో, ఒకే చోట మళ్లుతూ, మధ్యలో వాసన చూడటానికి గాని తవ్వడానికి గాని ఆగకుండా, వరుసగా మూడుసార్లు పోయి వస్తే అది పచారు. మిగతాదంతా నడక. ఇద్దరి గుర్తుల మధ్య పొంతనను యాదృచ్ఛికంగా కలిసే భాగం తీసివేసి చెప్పే కప్పా విలువ 0.58 నుంచి 0.83కు పెరిగింది. జనవరి 18 దాకా రాసిన కాగితాలన్నీ పక్కన పడేశాము. పిల్లలకు కొంచెం బాధ కలిగింది.

ఫిబ్రవరి 10

మూడు వారాల్లో తొమ్మిది రోజులు, 1620 గుర్తులు పూర్తయ్యాయి. వాటిలో పచార్లు 502, అంటే నూటికి 31. ఈ అంకె చూడగానే మా బృందంలో ఒకమ్మాయి, “జనం వల్లే సార్, ఆ కేకలకు ఎవరైనా అట్లనే తిరుగుతరు,” అన్నది. మన దేశంలో జంతు ప్రదర్శనశాలలు వారానికి ఒకరోజు సందర్శకులకు మూసి ఉంచాలన్న నియమం ఉన్నందువల్ల, ఆ మాట నిజమో కాదో చూడటానికి మాకు పైసా ఖర్చు లేని ప్రయోగం దొరికింది. తొమ్మిది రోజుల్లో మూడు సెలవు రోజులే.

ఆ అమ్మాయి చెప్పింది కొంతవరకు నిజమే. సాయంత్రం నాలుగు లోపు గంటల్లో జనం ఉన్న రోజుల పచార్లు 900 గుర్తులకు 222, సెలవు రోజుల్లో 450కి 69. అంటే నూటికి 25, 15. కానీ నాలుగు నుంచి ఐదు దాకా ఉన్న చివరి గంటను విడదీస్తే కథ మారిపోయింది. ఆ ఒక్క గంటలో జనం ఉన్నా లేకున్నా నూటికి 78, 79 గుర్తులు పచార్లే. మొత్తం 502 పచార్లలో 211 ఆ గంటవే.

ఈ లెక్కను కీపర్‌కు చూపించాను. ఆయన కాగితం వైపు చూడలేదు. “ఇది నన్నడిగితే ముందే చెప్పకపోదునా సార్. ఐదింటికి లోపలికి పిలుస్త. గటక బకెట్ నైట్ హౌస్ల పెడ్త. నా బండి సప్పుడు దానికెరుకే. మీరు కూసున్న దిక్కు అదెన్నడు సూడలే, గేటు దిక్కే సూస్తది,” అన్నాడు. మళ్లీ వెళ్లి చూస్తే, నైట్ హౌస్ ఇనుప తలుపు ముందు, పన్నెండు అడుగుల పొడవునా నేల గట్టిపడి, నున్నగా, మంగలం అడుగులా మెరుస్తున్నది. రెండు కొసల్లోనూ లచ్చి తల తిప్పే చోట గోడ మీద బొచ్చు రాసుకుని ఏర్పడిన నల్లటి మరక ఉన్నది. మేము నెలరోజులు ఎదురుగా కూర్చుని ఆ దారిని చూడలేదు. మా చూపంతా జంతువు మీదే ఉంది.

ఇక్కడ కొంచెం ఆగి ఆలోచించవలసి వచ్చింది. 2003లో రాస్ క్లబ్, జార్జియా మేసన్ ప్రచురించిన పరిశోధన ప్రకారం, అడవిలో విస్తారమైన ప్రాంతం తిరిగే మాంసాహార గణపు జంతువులు బందీగా ఉన్నప్పుడు ఎక్కువ పచార్లు చేస్తాయి, వాటి పిల్లల్లో మరణాలూ ఎక్కువగా ఉంటాయి. ధ్రువపు ఎలుగు అందుకు పెద్ద ఉదాహరణ. కానీ స్థలం పెంచితే చాలన్న నిర్ణయానికి దీన్నుంచి తొందరపడి రాకూడదు. స్థలం కొలత కంటే ఆ స్థలంలో ఏమున్నదన్నదే ముఖ్యమని స్విట్జర్లాండ్ జంతుశాస్త్రవేత్త హైనీ హెడిగర్ 1940లలోనే వాదించాడు. పచార్లు ఇప్పటి బాధకే గుర్తు అని కూడా చెప్పలేము. మేసన్, లేథమ్ 2004లో చూపినట్టు, అవి ఒకప్పటి పేద పరిసరాల మచ్చగా మిగిలి ఉండవచ్చు. ఒకే రకమైన చెడ్డ పరిసరంలో పచార్లు చేసే జంతువు, ఏమీ చేయకుండా మూల పడి ఉన్న జంతువు కంటే మెరుగ్గా కూడా ఉండవచ్చు. అందుచేత పచార్ల అంకెను సున్నాకు తేవడం మా లక్ష్యంగా పెట్టుకోలేదు. మందు మత్తులో ఉన్న ఎలుగుకు కూడా ఆ అంకె సున్నాయే వస్తుంది.

ఫిబ్రవరి 24

ఇది నా పొరపాటు గురించి.

తిండి ఎదుటే ఊరికే దొరుకుతున్నా, కష్టపడి సంపాదించుకునే దారిని ఎంచుకునే గుణం చాలా జంతువుల్లో ఉన్నదని 1963లో గ్లెన్ జెన్సన్ ఎలుకల మీద చేసిన ప్రయోగం నుంచి తెలుసు. ఎలుగుబంటి నోరు తీసి లాక్కునే పనికే తయారైనట్టుంటుంది. పై దవడ ముందు మధ్య పళ్లు రెండూ ఉండవు, పెదవులు సాగుతాయి, ముక్కు రంధ్రాలను మూసుకోగలదు. చెదల పుట్టను గోళ్లతో బద్దలు కొట్టి, మట్టిని ఊది, ఆ ఖాళీలోంచి పురుగులను పీల్చుకుంటుంది. ఆ చప్పుడు వంద మీటర్ల దూరానికి కూడా వినిపిస్తుంది. ఇంత సరంజామా ఉన్న జంతువుకు బకెట్‌లో గటక పోసి పెడితే తినడం పది నిమిషాల్లో అయిపోతుంది.

కాబట్టి పీల్చుకుని తినే గొట్టం ఒకటి చేయాలనుకున్నాము. మా ఇంటి దగ్గర బోరు వేసినప్పుడు మిగిలిన పీవీసీ కేసింగ్ పైపు నాలుగు అడుగులు ఉంటే, దానికి వేలు పట్టేంత రంధ్రాలు చేసి, రెండు కొసలూ మూసి, లోపల బెల్లం కలిపిన గటక పూసి, పశువైద్యుని అనుమతితో ఎన్‌క్లోజర్‌లో కట్టించాను. అంత మందం పైపును లచ్చి పగలగొట్టలేదని డాక్టరుగారికి నేనే గట్టిగా చెప్పాను. పదకొండు నిమిషాలు పీల్చింది. పన్నెండో నిమిషంలో పైపును కౌగిలించుకుని వెల్లకిలా పడుకుని, వెనుక కాళ్లతో తన్ని, ముందు గోళ్లను రంధ్రాల్లో దూర్చి చీల్చింది. ముక్కలు కత్తుల్లా లేచాయి. కీపర్ వెంటనే ఇనుప తలుపు చప్పుడు చేసి, అరటిపండ్లు చూపించి దాన్ని లోపలికి రప్పించాడు. నోట్లో, అరికాళ్లలో గాయాలు లేవు. ముక్కలన్నీ ఏరి నేల మీద పైపు ఆకారంలో పేర్చి, ఒక్కటీ తగ్గలేదని నిర్ధారించుకునేసరికి చీకటి పడింది. జంతువుకు మేలు చేయబోయి నేను దాన్ని ప్రమాదంలో పెట్టిన ఆ సాయంత్రాన్ని మా నివేదిక మొదటి పేజీలోనే రాయమని విద్యార్థులకు చెప్పాను.

మార్చి 9

హనుమకొండలోని ఒక వెల్డింగ్ షాపులో ఎనిమిది మిల్లీమీటర్ల మందం ఇనుప గొట్టం తెప్పించి, రంధ్రాల అంచులు అరగదీయించి, వెడల్పును మార్పించాము. రంధ్రంలో గోరు దూరాలి గాని వేలు ఇరుక్కోకూడదు. లేదా అరచెయ్యి అంతా హాయిగా వచ్చిపోయేంత పెద్దదిగా ఉండాలి. మధ్యస్థమైన కొలతే ప్రమాదకరం. షాపు అతను ఇది దేనికని అడిగితే ఎలుగుబంటి పళ్లెం అన్నాము, కూలి తీసుకోలేదు. ఎండకు ఇనుము కాలుతుందని గొట్టాన్ని కానుగ నీడలో గొలుసుతో వేలాడదీసి, పక్కనే చెద తిన్న తుమ్మ మొద్దులు రెండు పడేశాము.

మొదటి మూడు రోజులు గొట్టం దగ్గర లచ్చి సగటున గంటకు పైగా గడిపింది. రెండో వారానికి అది ఇరవై నిమిషాలకు దిగింది. మొద్దులను మాత్రం విడిచిపెట్టలేదు. గొట్టంలో తిండి ఉన్నదని దానికి ముందే తెలుసు, ఎంత ఉన్నదో కూడా తెలుసు. మొద్దులో ఏ మూల ఏ పురుగు ఉన్నదో కీపర్‌కు గాని, మాకు గాని, దానికి గాని తెలియదు. జంతు ప్రదర్శనశాలల్లో చేసిన ఇటువంటి ఏర్పాట్లను 2005లో స్వైస్‌గుడ్, షెపర్డ్‌సన్ కలిపి పరిశీలిస్తే, పచార్ల వంటి ప్రవర్తన గణనీయంగా తగ్గినవి సగానికి కొంచెం పైన మాత్రమే. మా ఇనుప గొట్టం ఏ సగంలోకి వస్తుందో చెప్పనక్కరలేదు.

మార్చి 17

నైట్ హౌస్‌లో రాత్రి కెమెరా పెట్టడానికి అనుమతి వచ్చింది. చీకట్లో చూడగలిగే చిన్న కెమెరాను దూలానికి బిగించి మూడు రాత్రులు నడిపాము.

లచ్చిని సాయంత్రం ఐదింటికి లోపలికి పిలుస్తారు, ఉదయం తొమ్మిదింటికి వదులుతారు. పదహారు గంటలు! రెండున్నర నెలలుగా మేము రోజులో ఆరు గంటలు చూసి ‘లచ్చి దినచర్య’ అని శీర్షిక పెట్టుకున్నాము. అడవిలో ఈ జాతి ఎక్కువగా సందెవేళల్లోనూ రాత్రిపూటా తిరుగుతుంది, పగటి ఎండకు గుట్టల రాతి నెర్రెల్లో పడుకుంటుంది. ములుగు, కరీంనగర్ వైపు గుట్టల పక్క ఊళ్లలో ఎవరినడిగినా ఎలుగు ఎదురైంది మసక చీకట్లోనే అని చెబుతారు. అంటే లచ్చి తన జాతి మేల్కొని ఉండే వేళంతా నాలుగు గోడల గదిలో గడిపి, పడుకోవలసిన వేళ టికెట్టు కొన్నవారి ఎదుట ఉంటున్నది. వీడియోలో తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి, తలుపు ముందు పచార్లు మొదలుపెట్టి, తొమ్మిదింటికి గొళ్లెం తీసేదాకా, మధ్యలో రెండు చిన్న విరామాలతో, నడుస్తూనే ఉంది. ఆ నాలుగున్నర గంటలు మా 1620 గుర్తుల్లో ఒక్కటీ లేవు. గొట్టమూ మొద్దులూ పెట్టింది కూడా మాకు కనిపించే గంటల్లోనే.

ఆ రోజు తిరుగు ప్రయాణంలో బస్సులో పెద్ద వాదనే జరిగింది. అసలు దాన్ని ఇక్కడ ఉంచడమే తప్పని ఒకబ్బాయి, వదిలేస్తే ఎక్కడికి పోతుందని మరొకబ్బాయి. మనిషి చేతి తిండికి అలవాటు పడి పెరిగిన ఎలుగును అడవిలో వదిలితే అది ఊళ్లకే వస్తుంది, ఊళ్లలో ఏం జరుగుతుందో ఇద్దరికీ తెలుసు. జంతు ప్రదర్శనశాలల వల్లే మూషిక జింకల వంటివి మళ్లీ అడవికి చేరాయి కదా అని మూడో వాదన వచ్చింది. నిజమే, హైదరాబాద్ నెహ్రూ జంతు ప్రదర్శనశాలలో పెంచిన మూషిక జింకలను 2017లో అమ్రాబాద్ అడవిలో వదిలారు. కానీ ఆ పుణ్యం లచ్చి ఖాతాలో ఎలా వేస్తాము? అది ఏ ప్రజనన పథకంలోనూ లేదు, దానికి పిల్లలు లేవు, ఉండవు. దాని జాతికి జరిగే మేలు చూపించి దాని తెల్లవారుజామును సమర్థించడం నాకు సరైన లెక్కగా తోచలేదు. లచ్చికి మనం బాకీ ఉన్నది లచ్చికే తీర్చాలి.

మార్చి 24

తలుపు ఏడింటికి తీయవచ్చా అని అడిగాము. ఇందులో శాస్త్రం ఏమీ లేదు, అంతా డ్యూటీ చార్టే. కీపర్ ఎనిమిది కిలోమీటర్ల దూరపు ఊరి నుంచి వస్తాడు, కాంట్రాక్టు ఉద్యోగి. తొమ్మిది నుంచి ఐదు అన్నది ఎలుగు కోసం పెట్టిన వేళ కాదు, అలాగని ఆయన పెట్టినదీ కాదు. ఆయనను రెండు గంటలు ముందు రమ్మని, జీతం పెంచకుండా, జంతు సంక్షేమం పేరుతో అడగడానికి నాకు నోరు రాలేదు. చివరకు రాత్రి కాపలాదారుతో పాటు ఇంకో కీపర్ వారం మార్చి వారం పొద్దున డ్యూటీ చేసేలా, ఆ వారం మధ్యాహ్నం మూడింటికే ఇంటికి పోయేలా ఉద్యానవనం అధికారులు సర్దుబాటు చేశారు. సాయంత్రపు గటకలో మూడో వంతు మాత్రమే లోపల పెట్టి, మిగతాది పగటిపూట రోజుకో వేళలో, మొద్దుల కింద, ఆకుల కుప్పల్లో, చెట్టు చీలికల్లో దాచాలని పశువైద్యుడు ఒప్పుకున్నారు. మొత్తం తిండి బరువు మారదు.

ఏప్రిల్ 4

ఏటూరునాగారం వైపు నుంచి వచ్చే మా విద్యార్థిని ఇంటివాళ్లు ఏటా ఇప్పపూలు ఏరుతారు. డాక్టరుగారు పరిశీలించి, కడిగించి, రోజుకు అర కిలో మించకుండా ఇవ్వవచ్చన్నారు. ఉదయం ఏడింటికి తలుపు తీసే ముందు కీపర్ ఆ పూలను ఎన్‌క్లోజర్ అంతా చల్లాడు.

లచ్చి గడప దగ్గర ఆగి తల పైకెత్తింది. పై పెదవి గొట్టంలా ముందుకు సాగి, ఇటూ అటూ వణికింది. తర్వాత ఆ నున్నటి దారి మీదుగా, ఒక్కసారి కూడా వెనక్కి మళ్లకుండా దాటి వెళ్లి, ముక్కు నేలకు ఆనించి ఫూ అని ఊది మట్టి ఎగరగొట్టి, జుర్రుమని ఒక పువ్వును పీల్చింది. మళ్లీ ఊదింది, మళ్లీ పీల్చింది. ఈ చప్పుడు గురించి పదిహేడేళ్లుగా పాఠం చెబుతున్నాను. చెవులతో వినడం ఇదే మొదటిసారి. అర కిలో పూలు ఏరుకోవడానికి గంటా యాభై నిమిషాలు పట్టింది. పూలు తెచ్చిన అమ్మాయి మాత్రం, “మా నాయనమ్మ దీనికంటే జల్ది ఏరుతది సార్,” అన్నది.

ఏప్రిల్ 19

మార్పుల తర్వాతి తొమ్మిది రోజుల లెక్క తేలింది. అవే వేళలు, అవే నిర్వచనాలు, 1620 గుర్తులు: పచార్లు 308, నూటికి 19. నాలుగు నుంచి ఐదు దాకా ఉన్న గంటలో 270కి 97, అంటే నూటికి 78 నుంచి 36కు దిగింది. నెల కిందట అయితే ఈ అంకెలు చూసి సంబరపడేవాళ్లము. ఒకే జంతువు మీద, ఒకేసారి మూడు నాలుగు మార్పులు చేసి, చలికాలపు లెక్కను ఎండాకాలపు లెక్కతో పోల్చాము. ఏ మార్పు ఎంత పని చేసిందో, ఎండ ఎంత పని చేసిందో ఈ లెక్క విడదీయలేదు. మధ్యాహ్నాలు నీడలో థర్మామీటరు 42 చూపిస్తున్నప్పుడు ఎలుగు పచార్లు చేయకపోవడంలో మా గొప్ప ఏమీ లేదు.

రాత్రి వీడియోల్లో తెల్లవారుజామున లేచే వేళ మారలేదు. నాలుగున్నరకే లేస్తున్నది, తలుపు ముందు నడుస్తున్నది. తొమ్మిదింటి దాకా కాకుండా ఏడింటి దాకా. రాత్రంతా తలుపు తెరిచి ఉంచాలంటే కందకం వైపు కంచె ఎత్తు పెంచాలి, రాత్రి డ్యూటీకి మనిషి కావాలి. అంచనా వేసి అధికారులకు ఇచ్చాము, ఇంకా జవాబు రాలేదు. మలంలో ఒత్తిడి హార్మోన్ల అవశేషాలను కొలిస్తే మా అంకెలకు మరో సాక్ష్యం దొరుకుతుంది. అటువంటి పరీక్షలు చేసే లాకోన్స్ (సీసీఎంబీ పరిశోధన సంస్థకు చెందిన, అంతరించిపోతున్న జాతుల సంరక్షణ ప్రయోగశాల) హైదరాబాద్‌లోనే ఉన్నందున, నమూనాలు తీసుకునే అనుమతి కోసం దరఖాస్తు తయారు చేస్తున్నాము.

జూన్‌లో కళాశాల తెరిచాక కొత్త విద్యార్థులకు ఇవ్వవలసిన గమనిక పత్రాన్ని ఈ రోజు మార్చాము. పాత పత్రం తొమ్మిదిన్నర గడితో మొదలయ్యేది. కొత్తదానిలో మొదటి గడి తెల్లవారుజాము నాలుగు. ఆ గంటకు అక్కడికి బస్సు లేదు కనుక నైట్ హౌస్‌లో ఇంకో కెమెరా కావాలి, దాని ఖర్చుకు నలుగురూ తలా కొంత వేసుకుంటామంటున్నారు.